జమ్ముమూల గూళ్ళు

ఆ రోజు ఇంట్లో ఉన్నది ఐదుగురు. చీలమండ బెణికి, కాలు దిండు మీద పెట్టుకుని మంచం దిగని పిన్ని. గుమ్మం దగ్గర రబ్బరు బూట్లతో కుస్తీ పడుతూ, ఎడమది కుడికాలికి తొడిగి విసుక్కుంటున్న బాబాయ్. వంటింటి బల్ల దగ్గర బఠానీకాయలు ఒలుస్తున్న అమ్మమ్మ. సరస్సు పనులు చూసే సూపర్‌వైజరు, టీ చల్లారిపోతున్నా ముట్టకుండా మాటిమాటికీ కిటికీలోంచి మబ్బు వంక చూస్తున్నాడు. ఐదోది, సెలవులకు వచ్చిన పిల్ల. అమ్మమ్మకు ఎదురుగా కూర్చుని తనూ బఠానీలే ఒలుస్తోంది. ఆ పిల్లకు మాట గొంతు దాటి రాదు. అందుకని బాబాయ్ ఆమెకు గొణుగుడమ్మ అని పేరు పెట్టాడు.

"చెరువులో మునుగుడుకోళ్ళు, ఇంట్లో గొణుగుడుకోడి. మీ పిన్ని లెక్క ఈ జన్మలో తేలదు" అనేవాడు.

ఆ ఇంట్లో మొగుడిది ఒక దారి, పెళ్ళానిది ఒక దారి. బాబాయ్ కోత పడవ నడుపుతాడు. నాచూ జమ్మూ పెరిగి నీటి గొట్టాలకు అడ్డం పడకుండా కోసి ఒడ్డుకు లాగడం ఆయన పని. ఆ జమ్ములోనే గూళ్ళు కట్టే మునుగుడుకోళ్ళనే నీటిపిట్టలను గుడ్ల కాలమంతా కనిపెట్టుకుని ఉండడం పిన్ని పని. ఏ జంట ఎక్కడ కట్టింది, ఎన్ని పిల్లలు బతికి బట్టకట్టాయి, అన్నీ ఆమె చూడాలి. గూళ్ళు ఖాళీ అయ్యాయని ఆమె నోటితో చెప్పేదాకా జమ్ముమూలలోకి కోత పడవ వెళ్ళకూడదు.

"పెళ్ళాం ఊ అంటేనే పడవ కదిలేది నా ఒక్కడికే" అని బాబాయ్ ఊరంతా చెప్పుకుని నవ్వేవాడు.

ఈసారి ఆ ఊ అనడానికి పిన్నికి కాలు లేదు. దిగువ పట్నంలో కుళాయి నీళ్ళు కంపు కొడుతున్నాయని సూపర్‌వైజరుకు పైనుంచి తిట్ల మీద తిట్లు. వానలు పడకముందే కోత కావాలి. అందుకని పొద్దున్నే పిల్లను పంపింది పిన్ని. పంపుతూ చెప్పింది: "నీ అడుగుల చప్పుడుకే అవి మునిగిపోతాయి. ఒడ్డున చాటుగా చూడ్డానికి కట్టిన చెక్కగదిలో కూర్చుని తలుపు మూసుకో. వెనక వెలుగుంటే సందులోంచి నీ ఆకారం వాటికి కనిపిస్తుంది. అవి తిరిగొచ్చేదాకా కదలకు."

పిల్ల వెళ్ళింది. చెక్కగదిలో చీకటి, తేమ వాసన. బల్ల మీద కూర్చుందో లేదో, పాదం మీంచి ఏదో చల్లగా పాకిపోయింది. అంతే, ఒక్క గెంతున గడప దగ్గరికి వచ్చిపడింది. తలుపు బార్లా తీసి పెట్టి, అక్కడే నిలబడి ఎదుటి గోడ సందులోంచి బైనాక్యులర్స్‌తో చూసింది. జమ్ము మొదళ్ళలో తేలుతున్న చెత్త కుప్పలు. వాటి మీద ఒక్క కోడీ లేదు. గుడ్లూ కనపడలేదు. కాసేపు చూసి ఇంటికి వచ్చేసింది.

"ఖాళీగా ఉన్నాయి పిన్నీ" అంది.

"తలుపు మూసుకునే కూర్చున్నావా?"

పిల్ల తల ఊపింది. గూళ్ళు నిజంగా ఖాళీవేనని ఆమె నమ్మకం. ఖాళీ గూళ్ళ కోసం ఎంతసేపు కూర్చుంటే మాత్రం ఏమిటి అనుకుంది.

"మరి నేను కోత మొదలుపెట్టించొచ్చా మేడమ్?" టీ అలాగే వదిలేసి సూపర్‌వైజరు ఇప్పుడు లేచి నిలబడ్డాడు. "రేపు మీరే నా మీద రాసి పంపితే నా కొంప మునుగుతుంది."

"కూర్చుని చూసొచ్చింది కదా. పర్లేదు" అంది పిన్ని.

"అసలు పాడుబడ్డ గూడని ఎలా తెలుస్తుందండీ? నాకన్నీ చెత్తలాగే కనిపిస్తాయి."

"పాడుబడ్డదైతే పైన ఎండి, తెల్లగా గడ్డివాములా ఉంటుంది. కోడి గుడ్ల మీంచి లేచేటప్పుడు ముక్కుతో తడినాచు లాగి కప్పేసి పోతుంది, కాకి కంట పడకుండా. అట్లాంటిది పైన నల్లగా నిగనిగలాడుతుంది."

పిల్ల చేతిలో బఠానీకాయ ఆగిపోయింది. పొద్దున బైనాక్యులర్స్‌లో చూసిన కుప్పలు కళ్ళ ముందు తేలాయి. నల్లగా ఉన్నాయి. ఒకదాని అంచు నుంచి నీటిచుక్కలు కారుతున్నాయి కూడా. వారమై చినుకు పడలేదు.

చెప్పాలి. ఇప్పుడే చెప్పాలి. నోరు తెరిచింది. సూపర్‌వైజరు ఆమె పక్కనుంచే నడిచి వెళ్ళాడు, బాబాయ్ వెనకాలే. బయట జీపు స్టార్టయింది.

"ఏమే, తొక్కలు గిన్నెలో వేసి గింజలు బుట్టలో పారేస్తున్నావు?" అంది అమ్మమ్మ.

"అమ్మమ్మా, గుడ్లున్నాయి. నేను సరిగ్గా చూడలేదు."

"నాకు చెప్తే ఏం లాభం? నేనేమన్నా పెట్టానా ఆ గుడ్లు? దానికి చెప్పు, పో!"

పిన్ని మంచం దాకా నడక ఎంతకీ తరగలేదు. చెప్పిందంతా గొణుగుడే. అయినా పిన్నికి మొదటి ముక్కకే అర్థమైంది. తిట్టలేదు. తిట్టినా బాగుండేది. ఫోను తీసి బాబాయ్‌కి చేసింది, మళ్ళీ చేసింది. ఎవరూ ఎత్తలేదు.

"ఇంజన్ మీద ఉంటే ఆయనకు పిడుగు పడ్డా వినపడదు. సూపర్‌వైజరుది ఎంగేజ్ వస్తోంది. సైకిలెక్కు."

"నేను చెప్తే ఆయన..."

"నేను కుంటుతూ వెళ్ళేసరికి అక్కడ గూడుండదు. వెళ్ళు!"

కట్ట మీద సైకిల్ తొక్కుతుంటే ఇంజన్ మోత ముందుగా వినిపించింది. కోత పడవ అప్పటికే జమ్ముమూల అంచు తాకింది. దాని ముందరి కత్తెరలకు చిక్కి పచ్చటి జమ్ము వరసగా ఒరిగిపోతోంది. అలలు లోపలిదాకా వెళ్ళి, గూళ్ళు ఊయల్లా లేస్తూ పడుతున్నాయి. ఒడ్డున సూపర్‌వైజరు ఫోన్‌లో మాట్లాడుతున్నాడు.

"ఆపండి" అంది పిల్ల.

ఆయన ఒక చెవి మూసుకుని వంగాడు. "ఏంటి పాపా? గట్టిగా చెప్పు."

"ఆపండి! గుడ్లున్నాయి! ఆపండి!"

అది తన గొంతేనా అని ఆమెకే అనుమానం వచ్చింది. సూపర్‌వైజరు ఉలిక్కిపడి చెయ్యెత్తి ఊపాడు. ఇంజన్ రెండుసార్లు దగ్గి ఆగింది. బాబాయ్ పడవను ఒడ్డుకు తెచ్చి దిగాడు.

"పొద్దున లేవన్నావు, ఇప్పుడు ఉన్నాయంటున్నావు" అన్నాడు సూపర్‌వైజరు. "ఏ మాట నమ్మమంటావు? పైవాళ్ళకు నేనేం చెప్పను, పిల్లకు కల వచ్చిందనా?"

"పొద్దున నేను కూర్చోలేదు." ఆమె కళ్ళు నేల మీదే ఉన్నాయి. "భయమేసి తలుపు తీసి ఉంచాను. పిన్నికి అబద్ధం చెప్పాను."

సూపర్‌వైజరు తల గోక్కున్నాడు. "సరే. ఒక్క కోడి వచ్చి గూడెక్కినా ఈ మూల వదిలేస్తాను. సాయంత్రానికి ఏదీ రాకపోతే మాత్రం కోతే. నన్నడిగి లాభం లేదు."

"మనం ఇక్కడ సంతలా నిలబడితే సాయంత్రం కాదు, సంక్రాంతి వచ్చినా రావు" అన్నాడు బాబాయ్. "మీరు జీపు తీసుకుని కట్ట అవతలికి పోండి. నేను పడవను మలుపు దాటిస్తాను. నువ్వు రా."

చెక్కగదికి వెళ్ళే బల్లలు పరిచిన దారిలో ఇద్దరూ మునివేళ్ళ మీద నడిచారు. లోపల అదే చీకటి, అదే వాసన. పిల్ల కూర్చుని సందులోంచి చూసింది. దగ్గరి గూడు ఇంకా కొద్దిగా ఊగుతోంది. పైనున్న నాచు ఒక పక్కకు జారింది. అక్కడ ఏదో తెల్లగా, బొటనవేలి గోరంత, కనిపించీ కనిపించనట్టుంది. దూరంగా ఒక గుంజ మీద కాకి వాలింది.

"బాబాయ్, కాకి."

"చూశాను. కోడి ముందొస్తే గుడ్డు కోడిది. లేకపోతే దానిది."

"నువ్వూ ఉండు."

"నా దగ్గుకు చేపలు కూడా పారిపోతాయి. పడవ ఎవరు తీస్తారు?"

"రాకపోతే?"

బాబాయ్ వంగి ఆమె భుజం పట్టుకుని బల్ల మీద ఇంకొంచెం వెనక్కి జరిపాడు.

మూలన ఏదో కదిలింది. పిల్ల కాళ్ళు రెండూ బల్ల మీదకు లాక్కుంది.

"తలుపు కొంచెం సందు ఉంచు బాబాయ్, ఇంత..."

"కుదరదమ్మా" అని బయటికి అడుగేసి, కుంగిన తలుపును భుజంతో పైకెత్తి మూసేశాడు.