గుమ్మపాలు

సింహాచలమ్మకి జ్వరం సాయంత్రమయ్యేసరికి వచ్చేది, తెల్లారేసరికి చెమటలు పోసి పోయేది. హమ్మయ్య పోయిందని లేచి పొయ్యి దగ్గరికెళితే, సాయంత్రానికి మళ్ళీ హాజరు. రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుగా చేస్తున్న ఆవిడ మొగుడు నూకయ్య కూడా డ్యూటీకి ఏనాడూ అంత నిక్కచ్చిగా వెళ్ళలేదు. ఒకరోజు నడుం, ఒకరోజు మోకాళ్ళు, ఒకరోజు వేళ్ళ కణుపులు. మందుల షాపులో టైఫాయిడ్ అన్నారు, తర్వాత మలేరియా అన్నారు, ఆ తర్వాత ఏమీ అనకుండానే బిళ్ళలిచ్చారు. ట్రాఫిక్ కాలనీ ఆడవాళ్ళు మాత్రం వయసు మళ్ళాక బద్ధకం అలాగే ఉంటుందని తేల్చేశారు. ఆవిడకి కోపం కూడా రాలేదు. కోపానికైనా ఒంట్లో సత్తువుండాలి కదా.

చివరికి ఆసుపత్రిలో ఓ బెంగాలీ డాక్టరమ్మ, ఇంట్లో ఆవుందా అని అడిగింది. ఉంది, క్వార్టర్ వెనక రేకుల పాకలో. నెలలు నిండకుండా ఈనిందా అని అడిగింది. వానాకాలంలో ఈసుకుపోయింది, చచ్చిన దూడని వేసింది. మాయ పడకపోతే సింహాచలమ్మే ఉత్త చేతులతో లాగింది. పుట్టింట్లో వాళ్ళమ్మ అలాగే లాగేది. డాక్టరమ్మ రక్తం పరీక్ష చేయించి రోగం పేరు చెప్పింది. పశువుల నుంచి వచ్చే బ్రూసెల్లా అనే బ్యాక్టీరియా అట. మాయలోనూ ఉంటుందట, పాలలోనూ ఉంటుందట, మనిషికి అంటుకుంటే ఇలా నెలల తరబడి పీల్చి పిప్పి చేస్తుందట. మందులు మానకుండా వాడితే తగ్గుతుందంది. కాచిన పాలతో భయం లేదంది. పచ్చిపాలు ఎవరైనా తాగారా, అందులో కడుపుతో ఉన్నవాళ్ళెవరైనా ఉన్నారా అని అడిగింది.

ఎవరూ లేరని చెప్పేసింది సింహాచలమ్మ. ఆ క్షణానికి నోటికి అదే వచ్చింది.

ఉంది. పక్క క్వార్టర్ అప్పలనర్సమ్మ కోడలు మీనాకుమారి. కడుపుతో ఉన్న పిల్లకి గుమ్మపాలు పడితే బిడ్డకి బలమని వీళ్ళ ఇళ్ళలో నమ్మకం. పొదుగు కింద నుంచి నురగతో తీసిన పాలు, వేడి చల్లారకముందే, పాకలోనే నిలబెట్టి తాగించాలి. కాస్తే అందులో సారమంతా పోతుందంటారు. అప్పలనర్సమ్మ పొద్దున్నే కోడల్ని వెంటబెట్టుకొచ్చేది. సింహాచలమ్మ చెంబులోకి పితికిచ్చేది. పుణ్యమని పైసా పుచ్చుకునేది కాదు.

మీనాకుమారికి కడుపు పోయింది. ప్రేమ్ బజార్‌లో జెరాక్స్ షాపుకి సైకిల్ మీద వెళ్ళబట్టేనని అత్తగారు ఉద్యోగం మాన్పించింది. ఆ తర్వాత కొన్నాళ్ళకే ఆవు ఈసుకుపోయేసరికి, ఆ పిల్ల నీడ పడబట్టే గొడ్డుకీ అదే గతి పట్టిందని కాలనీ అంతా చెప్పుకుంది. సింహాచలమ్మ కూడా, పాక వైపు రావద్దమ్మా అని ఆ పిల్ల మొహం మీదే చెప్పింది. ఇప్పుడు తలుచుకుంటే తల కొట్టేసినట్టుగా ఉంది. చెడు ఆవు నుంచి పిల్లకి పోతే, పిల్ల నుంచి ఆవుకి పోయిందని అందరూ కలిసి తిరగేశారు.

పశువుల డాక్టరు వచ్చి ఆవు రక్తం కూడా పరీక్షకి పంపించాడు. అదే రోగం. విడిగా కట్టమన్నాడు, అమ్మొద్దన్నాడు, పాలు ఎవరికీ పోయొద్దన్నాడు. మీనాకుమారికి చెప్పేద్దామంటే, పాలు ఆపేశాం కదా, ఇంకెందుకు నలుగురిలో అల్లరి, పోయిన బిడ్డ తిరిగొస్తుందా అన్నాడు నూకయ్య. అదీ నిజమే అనిపించింది. నిజమనిపించడానికి అలసట కూడా సాయం చేసింది.

ఒక సాయంత్రం దండెం మీద బట్టలు తీస్తూ గోడ అవతలికి చూసింది. మీనాకుమారి మెట్టు మీద కూలబడి గోడకి తల ఆనించింది. ఎండ లేదు, గాలి ఉంది, అయినా జాకెట్టు తడిసి ముద్దయింది. మోకాళ్ళు తనే నొక్కుకుంటోంది. లోపల్నుంచి అత్తగారు, ఈ సోమరితనమేటని సాధిస్తూనే ఉంది.

ఆ నొక్కుకోవడం సింహాచలమ్మకి తెలుసు. బట్టలు దండెం మీదే వదిలేసి చుట్టూ తిరిగి వాళ్ళ వాకిట్లోకి వెళ్ళింది. అప్పలనర్సమ్మ కూడా బయటికొచ్చింది. మంచిదే, రెండుసార్లు చెప్పే ఓపిక తనకి లేదు.

"నీకు సాయంత్రమైతే జొరమొత్తందా?" అంది.

మీనాకుమారి అత్తగారి వైపు చూసి, తలూపింది. "సాన్నాళ్ళైంది సిన్నత్తా. సెప్తే పనెగ్గొట్టడానికంటారని సెప్పలేదు."

"అది నా ఆవు రోగం. నాకూ అదే. కడుపు పోడానికి సైకిలూ కాదు, నీ నీడా కాదు. ఆ గుమ్మపాలే అయ్యుంటాయి. డాక్టరమ్మ అడిగితే ఎవరూ తాగలేదని అబద్ధమాడీసినాను."

అప్పలనర్సమ్మ ఒప్పుకోలేదు. పాలు తాగితే ఎక్కడైనా కడుపు పోతుందా అంది, తరతరాలుగా తాగుతున్నవే కదా అంది, మందులేసుకుని సింహాచలమ్మకి మతి పోయిందంది. అంటున్నకొద్దీ గొంతు సన్నబడింది. సింహాచలమ్మ వాదించలేదు. అక్కడే నేల మీద కూచుంది.

మీనాకుమారి ఏడుస్తుందనుకుంది, తిడుతుందనుకుంది. తిడితే పడదామని సిద్ధంగానే ఉంది. ఆ పిల్ల గోడ పట్టుకుని లేచి కాళ్ళకి చెప్పులు వేసుకుంది. "వాసనేత్తందని రోజూ వద్దన్నాను. చెంబు నా నోటికి ఆనించి పట్టుకున్నారు కదా అత్తా," అంది. గొంతు పెంచలేదు.

అప్పలనర్సమ్మ లోపలికి పోబోయి గుమ్మం దగ్గరే ఆగిపోయింది.

ఆసుపత్రికి నానొత్తాను, నిజం నానే సెప్తానంటూ సింహాచలమ్మ లేవబోయింది. మీనాకుమారి ఆవిడ భుజం మీద చెయ్యివేసి కూచోబెట్టింది.

"నువ్వింటికెళ్ళి పడుకో సిన్నత్తా. నువ్వు సెప్పాల్సింది నాకు సెప్పీసినావు. నా కడుపు ఎలా పోయిందో ఆ డాక్టరమ్మకి మా అత్తే సెప్తాది."