శనివారం ఇస్తానన్న కోటు

మొదట్లో తొకుజీ చేతిలో ఉన్నవి పద్నాలుగు బట్టలు. మూడేళ్లలో పదమూడు వాటి సొంతదారులకు చేరాయి. మిగిలిన పద్నాలుగోది, ముదురు నీలం ఉన్ని కోటు, ఈ ఉదయం మళ్లీ ఇస్త్రీ బల్ల మీదికి వచ్చింది.

కాలరు మీద తడిగుడ్డ పరిచి, ఇస్త్రీపెట్టె ఆనీ ఆనకుండా జరుపుతున్నాడు. ఎవరూ తొడుక్కోకపోయినా ఉన్ని మడత పడుతుంది. అందుకే మూడు నెలలకోసారి ఆవిరి పట్టిస్తాడు. డెబ్భై నాలుగేళ్ల మనిషి. నడుము వంగి సరిగ్గా బల్ల ఎత్తుకు వచ్చింది. ముంజేతుల మీద పాత కాలిన మచ్చలు, వేళ్ల చివర్లు ఏ వేడీ తెలియనంత మొద్దుబారాయి. గుండె బలహీనంగా ఉందని శీతకాలంలో డాక్టరు చెప్పాడు. అప్పటి నుంచి ఆయనకు ఉన్న దిగులు ఒక్కటే. ఈ కోటు తన దగ్గర ఉండిపోకూడదు.

"ఆ కోటుకి పట్టిన ఆవిరితో ఈ శిబిరం వరస ఇళ్లన్నిటికీ అన్నం వండొచ్చు," అంది ఫుమి, ముల్లంగి తరుగుతూ. "కట్టుకున్నదాని బట్ట మాత్రం ఎలకల పాలు."

"మళ్లీ మొదలెట్టావా?"

"నాదే తప్పులెండి. నేను చీటీ తీసుకోలేదుగా."

మూడేళ్లుగా ఈ మాట వింటూనే ఉన్నాడు.

సముద్రం ఒడ్డున ఉన్న ఊళ్లో నలభై ఒక్క ఏళ్లు లాండ్రీ నడిపాడు. బట్ట తీసుకున్నప్పుడు చీటీ ఇవ్వడం, చీటీ తెచ్చినప్పుడు బట్ట ఇవ్వడం. అంతే వ్యాపారం. భూకంపం వచ్చిన రోజు రేవు వైపు పేటను సునామీ ఊడ్చుకుపోయింది. మర్నాడు అణు విద్యుత్ కేంద్రం దెబ్బతిందన్న భయంతో మిగతా ఊరంతా కట్టుబట్టలతో కొండల వైపు పారిపోయింది. రెండు నెలల తర్వాత అధికారులు ఇంటికొకర్ని బస్సుల్లో వెనక్కి తీసుకెళ్లారు. తల నుంచి కాళ్ల దాకా తెల్ల ముసుగు, రెండు గంటల సమయం, మనిషికి ఒక్క ప్లాస్టిక్ సంచి. సంచి పొడుగు మూరన్నర. ఫుమి అడిగింది ఒక్కటే, వాళ్లమ్మ కుట్టిన పట్టు పైఅంగీ.

సునామీ అందని దుకాణంలో రెండొందల పైచిలుకు బట్టలు కవర్లలో వేలాడుతున్నాయి. తొకుజీ వాటి మధ్య నిలబడి లెక్క వేశాడు. ఖరీదైనవేవో చూడలేదు. కొండ వైపు వాళ్లకు ఇళ్లున్నాయి, ఇళ్లల్లో బీరువాలున్నాయి, ఎప్పుడో ఒకప్పుడు తెచ్చుకుంటారు. రేవు వైపు వాళ్లకు గోడ కూడా మిగల్లేదు. ఈ లోకంలో వాళ్లదంటూ మిగిలింది తన కొక్కేలకు వేలాడుతున్నదే. చీటీల పుస్తకంలో నంబర్లు, పేర్లు చూసి రేవు పేట బట్టలు ఏరితే పద్నాలుగయ్యాయి. పుస్తకం కూడా కుక్కి, మోకాలితో అదిమితే గానీ సంచి మూతి పడలేదు. పైఅంగీ మళ్లీసారి తెస్తాననుకున్నాడు. మళ్లీసారి వెళ్లేసరికి కప్పు కారి, ఎలకలు దాన్ని గూడు చేసుకున్నాయి.

తలుపు తట్టకుండానే పక్కింటి హంగాయి లోపలికి వచ్చాడు. ఒకప్పుడు సొంత పడవ ఉన్న జాలరి. ఇప్పుడు పొద్దున్నే వచ్చి టీ తాగి పోతాడు. కోటు చూసి ముఖం చిట్లించాడు.

"నా చేపంటే దేశంలో ఎవడూ ముట్టుకోడం లేదు. ఆ అణు ప్లాంటులో పనిచేసినోడి కోటుకి మాత్రం ఆవిరి స్నానాలు."

"కోటు ప్లాంటులో పనిచెయ్యలేదు కదా," అన్నాడు తొకుజీ.

హంగాయి టీ చివరిదాకా తాగాడు. తర్వాత జేబులోంచి మడిచిన కాగితం తీసి ఇస్త్రీ బల్ల అంచున పెట్టాడు.

"ఇవాకి పట్నంలో ఉంటున్నాడు, ఈ కోటు తాలూకు షిగా. రెండేళ్ల నుంచి తెలుసు నాకు. చెప్పబుద్ధి కాలేదు." టీ కప్పు పక్కకి జరిపి అన్నాడు, "నిన్న వర్ధంతి సభలో, సునామీలో పోయినవాళ్ల పేర్లు చదివారు. మా చెల్లెలి పేరు తర్వాత షిగా వాళ్లమ్మ పేరు వచ్చింది. ఇద్దరూ రోజూ కలిసే వలలు బాగుచేసేవాళ్లు. నేను చెప్పానని మాత్రం చెప్పకు."

ఫుమి కత్తి పక్కన పెట్టింది. రెండు అన్నం ముద్దలకు సముద్రపు నాచు చుట్టి, గుడ్డలో మూటగట్టి మొగుడి చేతికిచ్చింది. "బండి నెమ్మదిగా నడపండి. కోటు మూడేళ్లు ఆగింది, ఇంకో గంట ఆగుతుంది."

ఇవాకి చేరేసరికి మధ్యాహ్నం అయింది. రెండో అంతస్తు, చివరి వాటా. తలుపు పక్కన పేరు పలక లేదు. రాత్రి షిఫ్టు దిగి పడుకున్నట్టున్నాడు, షిగా నలిగిన చొక్కాతో తలుపు తీశాడు. నలభై దాటని మనిషికి జుట్టు సగం నెరిసింది. తొకుజీని చూడగానే ఒక అడుగు వెనక్కి వేసి, నడుము పూర్తిగా వంచి అలాగే ఉండిపోయాడు. తిట్లు తినడానికి వంగిన వంగడం అది.

"షిగా గారూ, లేవండి. శనివారానికి సిద్ధం చేస్తానన్నాను. ఆలస్యమైంది, క్షమించాలి."

షిగా తలెత్తి కవరులో ఉన్న కోటును చూశాడు. ఎడమ చేతికి ఉన్న రెండో గుండీ తక్కిన వాటికంటే కొంచెం లేత రంగుది. దాని మీద వేలు పెట్టి ఆపాడు.

"ఇది అమ్మ కుట్టింది. రంగు కుదరలేదని పోట్లాడాను."

"మార్చమంటే మార్చేవాణ్ణే. ఆవిడ వద్దంది. కొడుక్కి బుద్ధి రావాలంది."

షిగా నవ్వబోయి ఆగిపోయాడు. ఆ వారమంతా ప్లాంటులోనే ఉండిపోయానని, అమ్మను వెతకడానికి రాలేకపోయానని, తర్వాత ఊరివాళ్లకు ముఖం చూపించలేకపోయానని ముక్కలు ముక్కలుగా చెప్పాడు. తొకుజీ గుమ్మంలో కూర్చుని విన్నాడు. అన్నం ముద్దల మూట విప్పి ఒకటి షిగా వైపు జరిపాడు. ఇద్దరూ తిన్నారు.

తొకుజీ లేచేటప్పుడు షిగా పర్సు తెరిచి, మడతల దగ్గర చిరిగిపోవడానికి సిద్ధంగా ఉన్న పసుపు చీటీ తీశాడు.

"షిఫ్టు దిగి వస్తూ తీసుకురమ్మని అమ్మ ఇచ్చింది. చీటీ ఇస్తేనే కదా బట్ట ఇచ్చేది."

తొకుజీ దాన్ని రెండు చేతులతో అందుకున్నాడు. తన రాతే. పద్నాలుగు మందిలో చీటీ దాచుకున్నవాడు ఇతనొక్కడే. నలభై ఒక్క ఏళ్లలో వచ్చిన చీటీ మళ్లీ బయటికి పోనివ్వలేదు. ఒక్క నిమిషం చూసి, తిరిగి అతని చేతిలో పెట్టి వేళ్లు మూశాడు.

"చీటీ లేనివాళ్లకీ ఇచ్చాను. ఇది మీరే ఉంచుకోండి."

షిగా వీధి చివరిదాకా వచ్చి, బండి మలుపు తిరిగేదాకా వంగే ఉన్నాడు. కోటు తొడుక్కునే వచ్చాడు. భుజాల దగ్గర కాస్త వదులైంది.

చీకటి పడకముందే తొకుజీ ఇల్లు చేరాడు. "తిన్నాడా అబ్బాయి?" అని ఫుమి అడిగింది. తిన్నాడన్నాడు. ఖాళీ కొక్కేన్ని గోడకు తగిలించి, చీటీల పుస్తకం ముందేసుకుని కూర్చున్నాడు. పనిలేనివాడికి పుస్తకం దేనికని ఆమె అడిగింది. ఆయన కలం మూత తీశాడు.

ఇరవై రోజుల తర్వాత ఒక ఉదయం తొకుజీ ఇస్త్రీపెట్టెలో నీళ్లు పోసి, అది వేడెక్కేదాకా కూర్చుందామని కుర్చీ లాక్కున్నాడు. అది వేడెక్కింది. ఆయన లేవలేదు.

కర్మలు ముగిశాక, గోడకున్న పద్నాలుగు ఖాళీ కొక్కేలు ఫుమి ఒక్కొక్కటే తీసి కట్ట కట్టింది. తెచ్చినవి పద్నాలుగు, ఇచ్చినవి పద్నాలుగు. చీటీల పుస్తకం పారేసేముందు ఒకసారి తెరిచింది. భూకంపానికి ముందు రాసిన చివరి చీటీ తర్వాత, కొత్త సిరాతో ఇంకొకటి ఉంది. పేరు, ఇంటిపేరుతో సహా, కన్నో ఫుమి. వస్తువు, పట్టు పైఅంగీ, ఒకటి. తిరిగి ఇచ్చే రోజు అన్న గడిలో శనివారం అని ఉంది. ఏ శనివారమో రాయలేదు. చింపి చేతికివ్వడానికి వీలుగా, చిల్లుల గీత వెంబడి చీటీ అప్పటికే సగం దాకా మడిచి ఉంది.