బెంచీ మీద ఏరేటర్

మా తమ్ముడు యాసీన్ బతుకు రొయ్యల గుంటలో పడింది. తోసింది నేనే. ఆదివారం పొద్దున ఉప్మాలో రెండోసారి ఉప్పు వేస్తున్నప్పుడు కూడా నా బుర్రలో అదే తిరుగుతోంది. మూడోసారి వేయబోతుంటే మా ఆయన దరియావలి డబ్బా లాక్కున్నాడు.

"వాడికి మ్యాచ్ ఉండాది. నీ ఉప్పుకి దాహం పట్టి చచ్చిపోతాడు" అన్నాడు.

"వాడు ఆడేది లేదు కదా" అన్నాను.

యాసీన్‌కి ఇరవై రెండేళ్లు. నెల్లూరు టైగర్స్ అనే ప్రొఫెషనల్ బాస్కెట్‌బాల్ జట్టులో ఆడతాడు. టైగర్స్ అనగానే బయటివాళ్లు పులి అనుకుంటారు. మా ముత్తుకూరులో ఎవరూ ఆ పొరపాటు చేయరు. జట్టు ఓనరు మాలకొండయ్య గారికి విడవలూరు దగ్గర అరవై ఎకరాల రొయ్యల గుంటలున్నాయి. ఆయనకి మొదట కలిసొచ్చింది టైగర్ రొయ్య. ఆ కృతజ్ఞత జట్టు బనీన్ల మీదకి ఎక్కింది.

ఆయన మనుషుల్ని కూడా రొయ్యల లెక్కలోనే చూస్తారు. కిలోకి ముప్పై తూగితే ముప్పై కౌంటు, వంద తూగితే వంద కౌంటు. అంకె పెరిగేకొద్దీ రొయ్య చిన్నది. మ్యాచ్‌కి ఇరవై పాయింట్లు కొట్టే పొడుగాటి కుర్రాళ్లు ఆయనకి ముప్పై కౌంటు. మ్యాచ్‌కి రెండో మూడో కొట్టే మా యాసీన్ వంద కౌంటు. ఈ మాట ఆయన వాడి ముందే అంటారు, నవ్వుతూ. వాడూ నవ్వుతాడు. నాకు మాత్రం నవ్వు రాదు.

ఎందుకంటే వాడు చేసేది స్కోరుబోర్డు మీద పడదు. అవతలి వాడు బంతితో దూసుకొస్తుంటే సరిగ్గా వాడికి ఇష్టం లేని చోట నిలబడతాడు. మనవాడు బుట్టలో వేయడానికి ఖాళీ దొరికేలా ఇంకొకడికి అడ్డం పడతాడు. పక్కటెముకల్లో మోచేతి పోట్లు తింటాడు. పాయింట్లు వేరేవాళ్ల పేరున పడతాయి. వంటింట్లో పదిహేనేళ్లుగా ఉన్నదాన్ని కాబట్టి ఈ రకం ఉద్యోగం నాకు బాగా అర్థమవుతుంది.

నేను స్టాటిస్టిక్స్‌తో బీఎస్సీ చేశాను. ఆ సర్టిఫికెట్ బీరువాలో పట్టుచీరల కింద ఉంది. చీరలకి ముడత పడకుండా అట్టలా పనికొస్తోంది. ఈ సీజన్ మొదలయ్యాక ఒక రెండు వందల పేజీల నోట్‌బుక్ కొని, ఫోన్లో మ్యాచ్‌లు చూస్తూ లెక్క రాయడం మొదలుపెట్టాను. యాసీన్ కోర్టులో ఉన్న నిమిషాల్లో మనకెన్ని, వాళ్లకెన్ని. వాడు బెంచీ మీద ఉన్నప్పుడు ఎన్ని. పన్నెండు మ్యాచ్‌లకి కలిపితే, వాడు ఆడిన సేపట్లో జట్టు డెబ్బై ఒక్క పాయింట్లు ముందుంది. వాడు కూర్చున్న సేపట్లో నలభై వెనకబడింది.

అది చూశాక ఊరుకోవలసింది. ఊరుకోలేదు.

మా ఆయనది మోటార్ వైండింగ్ షాపు. మాలకొండయ్య గారి గుంటల్లో ఏరేటర్ల మోటార్లు కాలిపోతే మా షాపుకే వస్తాయి. షాపు ఫోన్లో ఆయన నంబరు ఉంది. ఒకరోజు నా లెక్కలన్నీ ఫొటోలు తీసి ఆయనకి పంపించి, కింద ఇలా రాశాను: "సార్, ఏరేటర్ నీళ్లని చిలికి గాలి పెడుతుంది. సీజనంతా తిరిగినా ఒక్క గ్రాము పెరగదు. దాన్ని తక్కెట్లో వేసి చూస్తే ఏం తెలుస్తుంది? ఆగినప్పుడు తెలుస్తుంది. యాసీన్ ఏరేటర్ లాంటివాడు. ఇట్లు, దరియావలి మోటార్ వైండింగ్ వర్క్స్."

మా ఆయన దాన్ని నేను పంపించాకే చదివాడు. "నేను ఇంత బాగా రాస్తానని నాకే తెలీదే" అన్నాడు.

శుక్రవారం మాలకొండయ్య గారు, కోచ్ కిషోర్ బాబు గారు మా ఇంటికే వచ్చేశారు. వచ్చే సీజన్‌కి పన్నెండు మంది పేర్లు సోమవారంలోగా లీగ్‌కి పంపాలట. పదకొండు పేర్లు ఖాయమయ్యాయి. పన్నెండో చోట యాసీన్‌ని ఉంచాలా, బెంగళూరు నుంచి ఒక షూటర్‌ని తేవాలా అన్నది మిగిలింది. కోచ్‌కి షూటర్ కావాలి. ఆ మాట ఆయన టీ తాగుతూ నాలుగుసార్లు చెప్పారు.

మాలకొండయ్య గారు మాత్రం మా ఆయన వైపే చూస్తున్నారు. "నువ్వు రాసింది నా బుర్రకి ఎక్కినాది దరియావలీ. ఇంత కాలం ఎవురూ నాకు అర్థమయ్యేటట్టు చెప్పలా. ఏరేటర్ సంగతి యాడ తెలుస్తాది? స్విచ్ ఆపితే తెలుస్తాది. అవునా?"

"అవును సార్" అన్నాడు మా ఆయన. మోటార్ల విషయంలో ఆయన అబద్ధం చెప్పలేడు.

"అయితే ఆదివారం మ్యాచ్‌లో మీ వోణ్ణి ఆపేస్తా. ఒక్క నిమిషం కూడా దించను. ఓడిపోయినామా, వాడి పేరు రాసేస్తా. గెలిచినామా, వాడు లేకపోయినా గుంట బాగానే ఉండాదని అర్థం. బెంగళూరు పిల్లోడే వస్తాడు."

నా చేతిలో బిస్కెట్ల ప్లేటు ఉంది. దాన్ని బల్ల మీద పెట్టడానికి రెండు చేతులూ కావలసి వచ్చాయి. ఒక్క మ్యాచ్‌తో ఏదీ తేలదనీ, అది మొదటి సంవత్సరం విద్యార్థికి కూడా తెలుసనీ చెప్పాలి. కానీ ఆ ఉత్తరం రాసింది నేనని ఆయనకి తెలీదు. తెలిస్తే, తమ్ముడి కోసం అక్క వేసిన లెక్క అని మొత్తం చింపి పారేస్తారు. మా ఆయనకి కళ్లతో సైగ చేశాను.

"ఒక్క మ్యాచ్ చాలా సార్?" అన్నాడు ఆయన.

"ఒక్క పూట ఏరేటర్ ఆపితే నాకు గుంట సంగతంతా తెలిసిపోతాది" అన్నారు మాలకొండయ్య గారు లేస్తూ.

టైగర్స్ వదిలేసిన రెండు పాయింట్ల ఆటగాణ్ణి తీసుకునే జట్టు ఇంకెక్కడా లేదు. అంటే వాడి ఆట సోమవారంతో సరి. మా అమ్మ పోయినప్పుడు వాడికి పదకొండేళ్లు. మా ఇంటికి వచ్చేటప్పుడు వాడి సంచిలో రెండు జతల బట్టలు, ఒక బంతి ఉన్నాయి. బట్టలు పొట్టి అయిపోయాయి, బంతి అలాగే ఉంది. అది నా తెలివితేటల వల్ల పోతుందేమోనని రెండు రోజులుగా భయం.

ఇంతకీ ఆదివారం. యాసీన్ ఉప్మా నోట్లో పెట్టుకుని, నా మొహం చూసి మింగేశాడు.

"ఒరే, నేను చెప్పేది విను. బెంచీ మీద కూర్చో. నోరు తెరవొద్దు" అన్నాను.

"అంటే?"

"అంటే, నువ్వు కోర్టులో ఉన్నప్పుడు అందరికీ చెప్తుంటావే, అటు పో, ఇటు పో అని. అది ఇయ్యాళ వద్దు. మీ వాళ్లు ఓడిపోతే నీ పేరుంటాది."

"మా వోళ్లు ఓడిపోవాలని నేను దువా చెయ్యాల్నా అక్కా?"

"దువా నేను చేస్తాలే. నువ్వు నోరు మూసుకో చాలు."

వాడు నీళ్లు తాగి బూట్ల సంచి తీసుకున్నాడు. సరే అనలేదు. అదే నన్ను ఇంకా భయపెట్టింది. వాడు చిన్నప్పటి నుంచి సరే అన్నవేవీ చేయలేదు కానీ, కనీసం అనేవాడు.

సాయంత్రం నాలుగింటికి నెల్లూరులో ఇండోర్ స్టేడియం కిక్కిరిసింది. అవతల విశాఖ జట్టు. నేనూ మా ఆయనా మూడో వరసలో కూర్చున్నాం. నోట్‌బుక్ తెరిచేసరికి పక్క సీట్లోకి మాలకొండయ్య గారే వచ్చి కూర్చున్నారు, చేతిలో వేరుశనక్కాయల పొట్లంతో.

"ఏందమ్మా అది, సరుకుల లెక్కా?"

"అవునండీ" అన్నాను, పేజీకి చెయ్యి అడ్డం పెట్టి.

యాసీన్ బదులు పెంచలకృష్ణ దిగాడు. మంచి షూటర్, కానీ అడ్డం నిలబడటం వాడికి అలవాటు లేదు. విశాఖ వాళ్లలో ఏడో నంబరు వాడు వాణ్ణి దాటుకుని నీళ్లలా పారాడు. మొదటి క్వార్టర్ అయ్యేసరికి మనకి పన్నెండు, వాళ్లకి ఇరవై ఆరు. స్టేడియం మూగబోయింది. నాకు ఒక పక్క ప్రాణం లేచి వస్తోంది, ఇంకో పక్క ఎవరైనా నా మొహం చూసి కనిపెడతారేమోనని చెమటలు పడుతున్నాయి. యాసీన్ బెంచీ చివర తువ్వాలు నెత్తిన కప్పుకుని కూర్చున్నాడు. నోరు మూసుకునే ఉన్నాడు.

రెండో క్వార్టర్ మొదలైన నిమిషానికి పెంచలకృష్ణ కింద పడ్డాడు. ఏడో నంబరు వాడు వాడి మీదుగా పోయాడు. పెంచలకృష్ణ లేచి ఎటు చూడాలో తెలియక బెంచీ వైపు చూశాడు.

యాసీన్ తువ్వాలు తీసి పక్కన పెట్టాడు.

"వొద్దురా" అన్నాను. మా ఆయనకి తప్ప ఎవరికీ వినిపించలేదు.

వాడు లేచి గీత దాకా వచ్చాడు. "కృష్ణన్నా, వాడు ఎడం పక్కకే పోతాడు. కుడి పక్క వొదిలెయ్, ఎడం మూసెయ్." పెంచలకృష్ణ ఎడం మూశాడు. ఏడో నంబరు వాడు గోడకి కొట్టుకున్నట్టు ఆగిపోయాడు. "ఇప్పుడు వెనక్కి, వెనక్కి. పొడుగోడు నీ ఎనకాల నుంచి వస్తా ఉండాడు."

నోట్‌బుక్‌లో నా చెయ్యి దానంతట అదే ఒక కొత్త గీత గీసి, పైన "మాట" అని రాసింది. వాడు అరిచి చెప్పిన ప్రతిసారీ ఒక టిక్కు. పక్కన అప్పటి స్కోరు. ఇల్లు కాలుతున్నా ఎన్ని గదులు కాలాయో లెక్కపెట్టే జబ్బు నాది.

సగం ఆటకి నాలుగు పాయింట్లే తేడా. మూడో క్వార్టర్ చివరికి మనమే మూడు ముందు. ఇంక రెండు నిమిషాలు ఉన్నాయనగా మనకి డెబ్బై, వాళ్లకి అరవై ఒకటి. నెల్లూరంతా లేచి నిలబడి కేకలు పెడుతోంది. వాడు తన గొయ్యి తనే తవ్వుకుంటున్నాడు, అరుస్తూ, చేతులు ఊపుతూ, సంతోషంగా.

అప్పుడొకటి జరిగింది. ఆ అరుపుల్లో వాడి గొంతు కోర్టులోకి చేరడం మానేసింది. వాడు నోరు చించుకుంటున్నాడు, పెంచలకృష్ణ చెయ్యి చెవి దగ్గర పెట్టుకుని "ఏంటీ?" అంటున్నాడు. విశాఖ వాళ్లు వరసగా పది కొట్టారు, మనకి రెండే. ఒక్క పాయింటు తేడాకి వచ్చింది. ఆఖరి బంతి ఏడో నంబరు వాడి చేతిలోంచి లేచింది. అది బుట్టలో పడాలని కోరుకున్న నెల్లూరు మనిషిని ఆ స్టేడియంలో నేనొక్కదాన్నే అయ్యుంటాను.

బంతి రింగు మీద రెండుసార్లు తిరిగి బయటికి దొర్లింది.

టైగర్స్ గెలిచారు. నేను కూర్చోబోయి, సీటు ఎక్కడుందో చూసుకోవలసి వచ్చింది.

జనం తగ్గాక మాలకొండయ్య గారు ఒళ్లోని శనక్కాయ పొట్టు దులుపుకున్నారు. కోచ్, యాసీన్ మా దగ్గరికి వచ్చారు. కోచ్ మొహంలో అప్పుడే బెంగళూరు రైలు కనిపిస్తోంది.

"ఏరేటర్ ఆపినాం, రొయ్యలు బాగానే ఉండాయి. ఇంకేంది దరియావలీ?"

మా ఆయన తల గోక్కున్నాడు. "స్విచ్ సరిగ్గా ఆగలేదు సార్."

"అంటే?"

ఇక దాచి లాభం లేదు. నోట్‌బుక్ ఆయన చేతికిచ్చాను. ఆయన "మాట" అనే గీత మీద వేలు పెట్టి కిందికి చదివారు. చాలాసేపు చదివారు.

"ఇది నీ రాతే గదా. ఆ ఫోన్లో వచ్చిన లెక్కలూ నీయేనా?"

"షాపు ఫోను ఇంట్లోనే ఛార్జింగ్ పెడతామండీ" అన్నాను.

ఆయన మళ్లీ పేజీలోకి చూశారు. "మాట మొదలయ్యేసరికి పద్నాలుగు వెనక. రెండు నిమిషాలుండంగా తొమ్మిది ముందు. ఆడకుండానే ఇరవై మూడు తెచ్చినాడు." కోచ్ వైపు తిరిగారు. "కిషోర్ బాబూ, ఇట్ట చేద్దాం. పన్నెండో పేరు బెంగళూరు పిల్లోడిది రాయి. వీణ్ణి అసిస్టెంట్ కోచ్‌గా పెట్టుకో. గట్టు మీద ఉండి కూడా పనిచేసే ఏరేటర్‌ని నీళ్లలో దించి తుప్పు పట్టించడం దేనికి?"

కోచ్ తల ఊపారు. యాసీన్ మొహంలో రంగు పోయింది. సాయంత్రమంతా నేను భయపడింది ఇందుకే. ఇరవై రెండేళ్లకి వాణ్ణి ఆట మాన్పించి మర్యాదగా గట్టెక్కించేస్తున్నారు, నా చేతిరాతే సాక్ష్యంగా.

"సార్, కింద రెండు లైన్లు చదవలేదు మీరు" అన్నాను.

"ఏముండాది ఆడ?"

"ఆఖరి రెండు నిమిషాలు. టిక్కులు పద్నాలుగు ఉన్నాయి, ఒక్కటీ పెంచలకృష్ణకి వినపడలేదు. తొమ్మిది కాస్తా ఒకటయ్యింది. వాడు లోపల ఉండుంటే రెండడుగుల దూరంలో నిలబడి చెప్పేవాడు. చెప్పే పని లేకుండా తనే అడ్డం పడేవాడు. గట్టు మీద ఏరేటర్ గాలి లేని పూట బాగానే తిరుగుతుంది సార్. తుపాను రోజు గుంటలో ఉన్నదే పనికొస్తుంది. ముఖ్యమైన మ్యాచ్‌లన్నీ ఇట్లా అరుపుల్లోనే అయిపోతాయి."

జట్టు ఓనరుకి రొయ్యల గురించి పాఠం చెప్పానని అప్పుడు తట్టింది. మా ఆయన నేల మీద ఏదో పోగొట్టుకున్నట్టు చూస్తున్నాడు.

మాలకొండయ్య గారు ఆ రెండు లైన్లు చదివారు. పొట్లంలో మిగిలిన ఒక్క శనక్కాయ తీసి, ఒలిచి, నమిలారు. ఆ నమలడం ఒక క్వార్టర్ అంత సేపు సాగింది.

"రెండు పాయింట్లేనమ్మా మీ వోడు కొట్టేది."

"రెండేనండీ."

"ఊ." నోట్‌బుక్ మూసి నాకిచ్చారు. "కిషోర్ బాబూ, ఆటగాళ్ల లిస్టులోనే రాయి వీణ్ణి. ఒక సీజన్. వచ్చే ఏడు మళ్లీ ఆపి చూస్తా. ఈసారి స్టేడియంలో కాదు, ఇంట్లో కూర్చోబెడతా." మెట్లు దిగుతూ వెనక్కి తిరిగి, "ఇంట్లో కూడా ఆమె పక్కన కాదు" అన్నారు.

ఆఖరి స్కోరు రాయాల్సిన గడి ఖాళీగానే ఉంది. యాసీన్ పక్కన కూర్చుని పెన్ను లాక్కుని డెబ్బై రెండు, డెబ్బై ఒకటి అని వేశాడు. తర్వాత ఆఖరి రెండు నిమిషాల టిక్కులు లెక్కపెట్టాడు.

"ఐదు ఎక్కువేసినావక్కా."

"నేను తప్పు వెయ్యను. నువ్వు అరవడం చూశాను."

"అరిచినా. అయ్యి కృష్ణన్నకి కాదు, నీకు. సీటెక్కి నిలబడుండావు, కూర్చోమని."

పెన్ను తీసుకుని ఐదు టిక్కులు కొట్టేశాను. మాలకొండయ్య గారి కారు గేటు దాటేదాకా ఆగి కొట్టేశాను.