ముట్టని మొక్కలు

తమ్ముడు పరిశోధన కేంద్రం గ్రీన్‌హౌస్‌లో మాలి. అక్క ఆ గ్రీన్‌హౌస్‌ను మూయించడానికి పుట్టిన సంఘానికి అధ్యక్షురాలు. ఒకే ఇంట్లో ఎదురెదురు గదుల్లో మూడేళ్లు ఎలా నెట్టుకొచ్చారంటే, అన్నం దగ్గర అరటి మాట ఎత్తకుండా నెట్టుకొచ్చారు.

నిజానికి ఆ అరటి అక్క తోటదే. బొటనవేలంత కాయ, పల్చటి తోలు. ఆ రకం ఇంకెవరి దగ్గరా లేదు. ఎండు తెగులు పక్క తోటల దాకా వచ్చినప్పుడు, పరిశోధన చేసే మేడమ్ అడిగితే, అక్కే పిలకలు తవ్వి తమ్ముడి చేతికిచ్చింది. మేడమ్ వాటిలో జన్యువు మార్చి, తెగులును తట్టుకునే మొక్కలు తయారు చేయబోయింది. పోల్చి చూసుకోవడానికి నాలుగింటిని ఉన్నవున్నట్టు వదిలేసింది. తమ్ముడు వాటిని ముట్టని మొక్కలు అనేవాడు.

జన్యువు సంగతి తెలిశాక అక్క అగ్గిమీద గుగ్గిలమైంది. ఈరోజు మేడమ్ మార్చిన మొక్కను రేపు ఏ కంపెనీయో తనదంటుంది, మన పిలక కోసం మనమే వాళ్ల గుమ్మం ముందు నిలబడాలి అంది. ఉత్త భయమని కొట్టిపారేయడానికి లేదు. విత్తనాల కంపెనీలను నమ్మి చేతులు కాల్చుకున్నవాళ్లే సంఘంలో సగం మంది.

చివరికి అలాంటి పరిశోధనలకు కళ్లెం వేస్తూ, మార్చిన మొక్కల్ని తగలబెట్టమంటూ చట్టం వచ్చింది. ముట్టని మొక్కలనైనా వదిలేద్దామా అని విచారణలో అధికారి అడిగాడు. అక్క ఠక్కున లేచి, లేబుళ్లు రాసేది వాళ్లే కదా, ఏది ఏదో మాకెలా తెలుస్తుంది, అన్నీ తగలబెట్టాల్సిందే అంది. హాలంతా చప్పట్లు.

నెల తిరక్కుండా తెగులు అక్క తోటలోకి వచ్చింది. దానికి చట్టాలు చదివే అలవాటు లేదు. ఆకులు పండి, మొదళ్లు కుళ్లి, ఒక్క పిలకా మిగలకుండా పోయింది. ఇక ఆ రకమంటూ ఉంటే గ్రీన్‌హౌస్‌లో ఉన్న ఆ నాలుగే.

తగలబెట్టే రోజున సంఘం తరఫు సాక్షిగా అక్కే వచ్చింది. అధికారి కాగితాల కోసం కారు దగ్గరికి వెళ్లాడు. మేడమ్ ముట్టని మొక్కల్లోంచి ఒక పిలకను తడిగుడ్డలో చుట్టి తెచ్చి అక్క చేతిలో పెట్టింది.

"ఇది మీదే. కొత్త నేలలో పెట్టుకోండి. నేనేమీ చూడనట్టే ఉంటాను."

ఊరంతా తిరిగి తనను తిట్టిపోసిన మనిషికి అలా ఇవ్వాలంటే గుండె ఉండాలి. అక్క తమ్ముడి వైపు తిరిగింది.

"ఇది మనదేనా?"

"మనదే అక్కా. మూడేళ్లు నా చేత్తో నీళ్లు పోశాను."

"నువ్వు నీళ్లే పోశావురా. వాళ్లేం చేశారో నీకేం తెలుసు?"

పిలకను తనే మంటలో పడేసి, అధికారి వచ్చాక సంతకం పెట్టింది. తోడబుట్టినవాడి మాట కన్నా తన ఉపన్యాసాలే ఆమెకు ఎక్కువైపోయాయి.

మూడు రోజులు అక్క పచ్చి మంచినీళ్లు కూడా ముట్టలేదు. నాలుగోనాడు పొద్దున్నే అతని గదిలోకి వచ్చి, గోడకు ఆనుకుని నేలమీద కూచుంది. కళ్లు గుంటలు పడ్డాయి.

"నిజం చెప్పరా. అది మనదేనా?"

ఔనంటే, చివరి పిలకను నీ చేత్తోనే చంపుకున్నావని చెప్పినట్టు. ఎంత కోపమున్నా అక్క అక్కే.

"కాదక్కా. లేబుల్ మార్చారు."

అక్క గట్టిగా ఊపిరి వదిలి, లేచి వెళ్లి అన్నం తింది.

వారం తిరక్కుండా సభ పెట్టింది. మనదని చెప్పి మార్చిన మొక్కను నా చేత నాటించబోయారు, దీనికి నా తమ్ముడే సాక్షి అని మైకులో చెప్పింది. మర్నాడు పేపర్లన్నీ అదే. మేడమ్ మీద విచారణ వేశారు.

గదిలో బల్లకు అటు అధికారి, ఇటు మేడమ్. తమ్ముణ్ణి నిలబెట్టారు. తోడుగా అక్క పక్కనే నిలబడింది. లేబుల్ మార్చారన్నది నిజమేనా అని అధికారి అడిగాడు.

మేడమ్ అతని వైపే చూస్తోంది. ముట్టని మొక్కల లేబుళ్లన్నీ ఆమె చెబుతుంటే అతనే రాశాడు. కాదని ఒక్క మాట అంటే ఆమె నిర్దోషిగా బయటపడుతుంది. అక్క మళ్లీ ఆ గోడ దగ్గరికి వచ్చి కూచుంటుంది.

"నిజమేనండీ," అన్నాడు.

అక్క గర్వంగా అతని భుజం మీద చెయ్యి వేసింది.