బూడిద కోటు

ఆ దర్జీ దుకాణంలో గుడ్డ కత్తిరించే పని మరదలిది, వచ్చినవాళ్ళతో మాట్లాడే పని బావది. అక్క పోయాక కూడా ఆ పద్ధతి మారలేదు. చేతిలో ఒక కత్తెర, నోట్లో ఇంకో కత్తెర ఉంటాయని పనివాళ్ళు మరదలిని కత్తెరక్క అనేవారు. ఎదురుగా ఎవరూ అనేవారు కాదు.

ఒక ఉదయం ఉత్సవ కమిటీ మేడమ్ వచ్చి, కత్తిరింపు బల్ల మీద ఒక ఫోటో పెట్టింది. దేశంలో వాళ్ళలో వాళ్ళు కొట్టుకుని చచ్చిన యుద్ధం ముగిసి అరవై ఏళ్ళవుతోందట. రెండు పక్షాల సైనికుల వేషాల్లో జనం ఊరేగి, చివర చౌరస్తాలో ఒకరినొకరు కావలించుకుంటారట.

“గుండీలతో సహా అచ్చం ఇలాగే ఉండాలి. చూస్తే నిజం అనిపించాలి” అంది మేడమ్.

ఫోటోలో బూడిదరంగు కోటు. నిలువు కాలరు, ఎడమ చేతికి నల్ల పట్టీ. కత్తెరక్క తాతను ఇంట్లోంచి ఈడ్చుకుపోయినవాళ్ళు వేసుకున్నది ఆ కోటే. తాత మళ్ళీ ఇంటికి రాలేదు.

“మేం కుట్టం” అంది కత్తెరక్క.

“కుడతాం మేడమ్, కుడతాం” అన్నాడు బావ, మరదలి మాట గాల్లో ఉండగానే.

మేడమ్ వెళ్ళాక ఇద్దరూ గొడవపడ్డారు. “అది ఎప్పటి మాట! తాతలు నేతులు తాగారు, మా మూతులు వాసన చూడమన్నట్టుంది నీ వరస” అన్నాడు బావ.

“నేతులు తాగినవాళ్ళ సంగతి కాదు బావా, నెత్తురు తాగినవాళ్ళ సంగతి.”

ఆమె కత్తెర ముట్టుకోలేదు. మొండికేసి, మేడమ్ పంపిన గుడ్డలోంచి నమూనాకు ఒక కోటు బావే కత్తిరించాడు. భుజాల దగ్గర కాస్త వంకర వచ్చినా కోటు కోటులాగే తయారైంది. దాన్ని బొమ్మకు తొడిగి గుమ్మం లోపల నిలబెట్టాడు.

మర్నాడు మధ్యాహ్నం కత్తెరక్క వాళ్ళమ్మ రోజూలాగే భోజనం డబ్బా పట్టుకుని వచ్చింది. గుమ్మం దాటి బొమ్మను చూసింది. డబ్బా నెమ్మదిగా కింద పెట్టింది. పక్కనున్న గోడ వైపు తిరిగి, నుదురు గోడకు ఆనించి, రెండు చేతులూ పైకెత్తింది.

“మా నాన్న ఇంట్లో లేడండీ” అంది. అది డెబ్బై దగ్గరపడిన మనిషి గొంతు కాదు.

కుట్టు మిషన్లు ఒక్కొక్కటే ఆగిపోయాయి. కత్తెరక్క పరుగున వెళ్ళి ఆ చేతులు కిందికి దించబోయింది. అవి దిగలేదు. బిగుసుకుపోయాయి. వెనకనుంచి వాటేసుకుని, “అమ్మా, నేనే, నేనే” అంటూ చాలాసేపు అలాగే ఉంటే, అప్పుడు మెల్లగా వాలాయి. వెనక గదిలో పడుకోబెట్టి నీళ్ళు తాగించి బయటికి వచ్చేసరికి కత్తెరక్క కళ్ళు నిప్పులు కక్కుతున్నాయి.

బావ ముఖం పాలిపోయింది. అయినా నోరు ఊరుకోలేదు. “అత్తయ్యది పెద్ద వయసు. చిన్నప్పుడు జడుసుకుంది, పాపం. ఊళ్ళో ఇంకెవరికి గుర్తుంది చెప్పు?”

“ఎవరికీ గుర్తులేదా? అయితే తొడుక్కోండి.”

“ఏంటీ?”

“ఆ కోటు తొడుక్కుని బేకరీ దాకా వెళ్ళి రండి. వీధిలో ఎవరూ ఏమీ అనకపోతే మొత్తం కోట్లు నేనే కుడతాను. నోరెత్తను.”

పనివాళ్ళందరూ చూస్తున్నారు. బావకు వెనక్కి తగ్గే దారి లేదు. బొమ్మ మీద కోటు విప్పి తొడుక్కుని వీధిలోకి దిగాడు. కత్తెరక్క కాస్త వెనగ్గా నడిచింది.

మొదట ఏమీ జరగలేదు. కాలేజీ పిల్లలు నవ్వి ఫోటో తీసుకున్నారు. “చూశావా?” అన్నట్టు బావ వెనక్కి తిరిగి కనుబొమలు ఎగరేశాడు. అంతలో చెప్పులు కుట్టే ముసలాయన పని ఆపి షట్టర్ సగానికి దించేశాడు. మేడ మీద మొక్కలకు నీళ్ళు పోస్తున్న పెద్దావిడ చెంబు అక్కడే వదిలేసి లోపలికి పోయింది. గడియ పడిన చప్పుడు కింది దాకా వినబడింది. బావ నడక తగ్గింది.

ఆ తర్వాత మందుల షాపు వచ్చింది. వాకిట్లో కుర్చీ వేసుకుని కూర్చునే పెద్దాయన ఆ వీధికంతటికీ బాబాయ్. కత్తెరక్క చిన్నప్పుడు జ్వరమొస్తే చేదు మందుతోపాటు పిప్పరమెంటు బిళ్ళ చేతిలో పెట్టేవాడు. అమ్మ మాత్రలన్నీ అక్కడే కొంటారు.

బాబాయ్ కోటును చూశాడు. కర్ర వదిలేసి లేచి నిలబడ్డాడు. పొట్ట లోపలికి లాగి, మడమలు కలిపి, చెయ్యి నుదుటికి పెట్టి సెల్యూట్ కొట్టాడు. కళ్ళు మెరుస్తున్నాయి.

“మనవాళ్ళు మళ్ళీ వస్తారని నాకు తెలుసు” అన్నాడు.

బావ అక్కడికక్కడే కోటు విప్పేశాడు. ఆ తొందరలో రెండు గుండీలు తెగిపోయాయి. దాన్ని ఉండచుట్టి చంకలో పెట్టుకుని, ఎవరి వైపూ చూడకుండా వెనక్కి నడిచాడు.

కత్తెరక్క మాత్రం కదల్లేదు.

“మీరు ఆ కోటు వేసుకున్నారా, బాబాయ్?”

లోపలినుంచి ఆయన కొడుకు గబగబా వచ్చాడు. “అక్కా, ఎప్పటి సంగతో అది. నాన్న పెద్దాయన, వదిలెయ్యండి.”

“ఎప్పటి సంగతో అయితే మీ నాన్న మడమలు ఇప్పుడెందుకు కలిశాయి?”

పెద్దాయన మళ్ళీ కుర్చీలో కూలబడి, “మీ అమ్మకు తెలుసు” అన్నాడు.

ఆ మాట ఆమెకు చెంపదెబ్బలా తగిలింది. దుకాణానికి వచ్చేసరికి అమ్మ మంచం మీద లేచి కూర్చుని ఉంది.

“మందుల షాపు ఆయన గురించి నీకు తెలుసా?”

“తెలుసు. ఆ రాత్రి లాంతరు పట్టుకుంది వాడే. అప్పటికి మీసాలు కూడా రాలేదు.”

“తెలిసీ వాడి చేతి మాత్రలు మింగుతున్నావా? వాడిని బాబాయ్ అని నాతో పిలిపించావా?” కత్తెరక్క అరిచింది. “ఒక్కసారి అడగొచ్చుగా, తాతను ఏం చేశారని!”

“అడిగితే చెప్తాడేమోనని.”

“ఏంటి?”

“చెప్పనంతకాలం నాన్న ఎక్కడికో వెళ్ళినట్టే ఉంటుందే.”

“అందుకని వాడు దర్జాగా కుర్చీ వేసుకుని కూర్చుంటాడు, నువ్వేమో గోడకు తల ఆనిస్తావు. బాగుంది! ఇంతకాలం నీకు సిగ్గుగా అనిపించలేదా?”

అమ్మ తలెత్తింది. ఆ ముఖంలో అలాంటి కోపం కూతురు ఎన్నడూ చూడలేదు.

“కోపం నీకొక్కదానికే ఉందనుకున్నావా? నువ్వు అరిచి తీర్చుకుంటావు. నేను పిల్లల్ని పెంచాలి, ఆ వీధిలోనే బతకాలి, అందుకని మింగాను. జాలిపడి కాదు.” చెప్పుల్లో కాళ్ళు దూర్చింది. “పద.”

దుకాణం ముందు నిలబడ్డ బావ, “నేనూ వస్తాను అత్తయ్యా” అన్నాడు. ఎవరూ వద్దనలేదు.

మందుల షాపులో ఇద్దరు ముగ్గురు మందుల కోసం నిలబడి ఉన్నారు. అమ్మ వాళ్ళను దాటుకుని నేరుగా కుర్చీ దగ్గరికి వెళ్ళింది.

“మా నాన్నను ఎక్కడ పెట్టారు?”

“ఆ రోజులే అలాంటివమ్మా. పైనుంచి చెప్పారు, మేం...”

“రోజుల సంగతి అడగలేదు. చోటు అడిగాను.”

పెద్దాయన కొడుకు వైపు చూశాడు. కొడుకు చూపు తిప్పుకున్నాడు. ఈసారి అతను “వదిలెయ్యండి” అనలేదు.

“పాత నీళ్ళ ట్యాంకు వెనక” అన్నాడు ముసలాయన.

ఇప్పుడక్కడ డిపో బస్సులు కడిగే షెడ్డు ఉంది.

“ఒక్కణ్ణేనా?”

“కాదు.”

అమ్మ ఏడవలేదు. “అరవై ఏళ్ళనుంచి ఈ కుర్చీలోనే ఉన్నావు. మా ఇంటికి నాలుగు అడుగులు. రాలేకపోయావా?” అంది. ముసలాయన ఏదో గొణిగాడు. వినడానికి ఆమె ఆగలేదు.

బావ ఆ సాయంత్రమే గుడ్డ తిప్పి పంపేశాడు. కమిటీవాళ్ళు కోట్లు ఇంకో ఊళ్ళో కుట్టించారు. ఊరేగింపు రోజు చౌరస్తాలో వేషగాళ్ళు కావలించుకున్నారు, జనం చప్పట్లు కొట్టారు, మేడమ్ వేదిక మీద కళ్ళు తుడుచుకుంది. ఆ చప్పట్లు బస్సుల షెడ్డు దాకా వినిపించాయి. షెడ్డు గేటు ముందు అమ్మ, కత్తెరక్క, బావ కుర్చీలు వేసుకుని ఉన్నారు. చెప్పులు కుట్టే ముసలాయనా, మేడ మీది పెద్దావిడా పిలవకుండానే వచ్చి వాళ్ళ పక్కన కూర్చున్నారు. వాళ్ళ ఇళ్ళలోంచీ మనుషులు పోయారని అప్పుడే తెలిసింది.

డిపో అధికారి విసుగ్గా బయటికి వచ్చాడు. “ఎప్పటివో గొడవలమ్మా ఇవి. మీ కోసం ఈ నేలంతా తవ్వమంటారా?”

“అవును. తవ్వండి” అంది అమ్మ.

ఇంకా తవ్వలేదు. తవ్వమని వాళ్ళు పెట్టిన అర్జీ ఒక ఆఫీసునుంచి ఇంకో ఆఫీసుకు తిరుగుతోంది. వాళ్ళు మాత్రం ప్రతి ఉదయం వచ్చి గేటు ముందు కూర్చుంటున్నారు. డ్రైవర్లు హారన్ మోగిస్తారు, కొందరు తిడతారు. అమ్మ కుర్చీ జరపదు. బస్సులే ఆమె చుట్టూ తిరిగి లోపలికి పోతాయి.