అంచు కాలని గిన్నె

మరిగిన నీళ్లు అంచుకి అర అంగుళం కిందివరకు పోసి, వెంగ్ బింగ్‌కున్ గిన్నె మీద మూత పెట్టాడు. బొటనవేలు ఒక పక్క, నడిమివేలు ఇంకో పక్క, చూపుడువేలు మూత బుడిపె మీద. అలా ఎత్తి పట్టుకుని పది లెక్కపెట్టాడు. తర్వాత మూతని వడ్లగింజ మందం పక్కకి జరిపి నీళ్లు పళ్లెంలోకి వంచాడు. ధార తెగలేదు. మూత జారలేదు. గిన్నె అడుగున పెన్సిల్‌తో గీత గీసి పక్కన పెట్టాడు. గీత ఉన్నవి కింది అరలోకి వెళతాయి, కొత్తగా నేర్చుకునేవాళ్ల కోసం. గీత లేనివి పై అరలోకి, చెయ్యి తిరిగినవాళ్ల కోసం. ఆ ఉదయం అది పందొమ్మిదో గిన్నె.

ముప్ఫై నాలుగేళ్లుగా ఆయన పని ఇదే. చావోజౌ పాత ఊళ్లో, తోరణాల వీధి వెనక సందులో షూ వారి టీ పాత్రల కొట్టు ఉంది. టీ ఆకు నానబెట్టి కప్పుల్లోకి వంచే తెల్ల పింగాణీ మూతగిన్నెలు ఫెంగ్‌షీ బట్టీల నుంచి గడ్డిలో చుట్టి పెట్టెల్లో వస్తాయి. కొట్టులో ఎర్రమట్టి కూజాలు కూడా ఉన్నాయి, కానీ కూజా కొనేవాడికి సలహా చెప్పడానికి ఊరంతా సిద్ధంగా ఉంటుంది. మొదటి గిన్నె కొనేవాళ్లు మాత్రం కున్ దగ్గరికి వస్తారు. పిల్లకి పదేళ్లు నిండాయని తండ్రి తీసుకొస్తాడు. వేరే రాష్ట్రం నుంచి వచ్చిన కోడలు ఒక్కతే వస్తుంది. గిన్నె చిన్నదిగా ఉండాలి. అంచు బయటికి విచ్చుకోవాలి, పెదవి పలచగా ఉండాలి. అంతకుమించి ఏం కావాలని అడిగితే ఆయన, "చేత్తో పట్టుకుని చూశాను, తీసుకెళ్లు" అనేవాడు. ఆ మాట చాలు.

ఆ ఏడు వసంతం నుంచి ఆయన వేళ్లకి వేడి తెలియడం లేదు.

ఒకరోజు ఇంట్లో బొబ్బ కనిపించింది, ఎప్పుడు కాలిందో గుర్తు లేదు. ఆసుపత్రిలో డాక్టరు వేళ్ల చివర సూదితో పొడిచి, షుగరు వల్ల నరాలు దెబ్బతిన్నాయన్నాడు. కున్ ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. చెబితే ఈ బల్ల ముందు కూర్చోనివ్వరు. ఈ బల్ల ముందు కూర్చోవడం కాక ఆయనకి చేతనైన పని ఇంకొకటి లేదు. ఉందేమోనని ఎప్పుడూ వెతుక్కోలేదు కూడా. ఇన్నేళ్ల అనుభవం ఉంది, అంచు చూస్తే కంటికే తెలిసిపోతుంది అనుకున్నాడు. పది లెక్కపెట్టడం మాత్రం మానలేదు.

తొమ్మిదింటికి ఎదురు కొట్టు జెంగ్ వచ్చి కూర్చున్నాడు. ఉప్పులో ఊరిన రేగుపళ్లు, అల్లం అమ్ముతాడు. రోజూ ఈ వేళకి తన కొట్టు తెరిచే పెట్టి ఇక్కడికి వస్తాడు. కొట్టు యజమాని యాన్‌రు కూడా బల్ల దగ్గరికి జరిగింది. చనిపోయిన షూ గారి కూతురు. తొమ్మిదేళ్ల వయసులో గిన్నె పట్టడం కున్ దగ్గరే నేర్చుకుంది.

ముగ్గురున్నా పదిమంది ఉన్నా ఆ ఊళ్లో కప్పులు మూడే. కున్ వాటి మీద మరిగే నీళ్లు పోసి, ఒక కప్పుని ఇంకో కప్పులో నిలువుగా పెట్టి వేళ్లతో తిప్పుతూ కడిగాడు.

"బుడగలు లేస్తున్న నీళ్లలో వేళ్లు పెడతావు. మనిషివా, పటకారువా?" అన్నాడు జెంగ్.

"నువ్వు ఊదకుండా తాగట్లేదా?"

"ఇది మా ఆవిడ తిట్లకి ఎదురుచెప్పే నోరయ్యా. దీనికి వేడేంటి?"

"ఆ మాట ఇంట్లో అనండోసారి జెంగ్ అన్నయ్యా, విని తరిద్దాం" అంది యాన్‌రు.

జెంగ్ కప్పు అందుకుంటూ, "ఊళ్లో ఇలాంటి వేళ్లు ఇంకెవరికీ లేవులే" అన్నాడు. కున్ రెండో విడత నీళ్లు పోశాడు.

పదకొండు గంటలకి ఒక అమ్మాయి వచ్చి గుమ్మం దగ్గర నిలబడింది. పొడగరి. మాటలో ఉత్తరాది యాస. పేరు గువాన్ షువాంగ్. రెండు నెలల కిందట పెళ్లయి లియావ్‌నింగ్ నుంచి ఇక్కడికి వచ్చింది. కొత్తల్లోనే ఇక్కడ రెండు గిన్నెలు కొనుక్కుంది. ఒకటి సాధన చెయ్యడానికి, ఒకటి అత్తవారింటి బల్ల మీద పెట్టడానికి.

"మాస్టారూ, ఇంకో గిన్నె కావాలి. ఒకటి పగలగొట్టాను."

"ఎలా?"

"నా చేతులు మెత్తనండీ. ఫ్లాస్కు నీళ్లతో నెల్లాళ్లు సాధన చేశాను, బాగానే వచ్చింది. మా ఆయన వాళ్ల నాయనమ్మకి మొదటిసారి టీ పోస్తుంటే మాత్రం వదిలేశాను. ఆవిడ ముక్కలు పక్కకి తోసింది. కప్పులు తనవైపు లాక్కుని తనే పోసింది. అప్పట్నుంచి నన్నెవరూ పొయ్యమనట్లేదు." సంచిలోంచి గుడ్డ చుట్టిన రెండో గిన్నె తీసింది. "ఆదివారం ఆవిడకి ఎనభయ్యో పుట్టినరోజు. ఆ రోజు కోడళ్లే పొయ్యాలి. వేళ్లు మొద్దుబారడానికి ఎన్నాళ్లు పడుతుందండీ? ఏదన్నా మందుందా?"

యాన్‌రు నవ్వింది. కున్ నవ్వలేదు. గిన్నె తిరగేసి చూశాడు. అడుగున పెన్సిల్ గీత ఉంది. రెండు నెలల కిందట వచ్చిన అరవై గిన్నెల పెట్టెలోది. అంచు బాగానే విచ్చుకుంది. కంటికి తప్పేమీ కనిపించలేదు.

కెటిల్ మరిగాక అందులో నీళ్లు పోసి, మూత పెట్టి ఎత్తాడు. పది లెక్కపెట్టాడు. ఇంకో పది లెక్కపెట్టాడు. చల్లటి గిన్నె పట్టుకున్నట్టే ఉంది.

ఈ ఊళ్లో గిన్నె కాలిందని కొట్టుకి వెనక్కి తెచ్చేవాళ్లు లేరు. కాలిందంటే చెయ్యి చాలలేదనే. అందులోనూ కున్ పట్టి చూసిన గిన్నె. కాబట్టి ఈ రెండు నెలల్లో ఎవరూ ఏమీ అనలేదు. అనడం తప్పని తెలియని బయటి పిల్ల వచ్చింది, ఆ పిల్ల కూడా తననే తప్పుపట్టుకుంటోంది. సాధన చెయ్యమ్మా, వస్తుంది అంటే చాలు. వెళ్లిపోతుంది.

ఆయన గిన్నె కింద పెట్టాడు. నీళ్లు పారబోసి మళ్లీ మరిగే నీళ్లు పోశాడు.

"యాన్‌రూ, ఇది పట్టుకో."

"నేనెందుకు బాబాయ్?"

"పట్టుకో."

యాన్‌రు ఎత్తింది. మూడు లెక్కపెట్టేలోపే పళ్లెంలో దించేసి చల్లదనానికి వేళ్లు చెవి తమ్మెకి ఆనించుకుంది. గోరుతో అంచు తడిమి చూసింది. పెదవి దాకా గోడ ఒకటే మందం. వేడి పైకి ఎక్కడానికి అడ్డేమీ లేదు. ఆమె గిన్నె వదిలి కున్ చేతుల వైపు చూసింది.

"ఎప్పట్నుంచి బాబాయ్?"

"వసంతం నుంచి."

"నాకొక్క మాట చెప్పకూడదూ?"

"ముందు ఈ అమ్మాయి సంగతి చూద్దాం."

షువాంగ్ ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. "నీ చేతులు మెత్తనేం కాదమ్మా" అన్నాడు కున్. "తప్పు గిన్నెది. దాన్ని నీకిచ్చింది నేను. ఇలా వచ్చి కూర్చో."

ఆమెని తన కుర్చీలో కూర్చోబెట్టి తను పక్కన నిలబడ్డాడు. ఆరు గిన్నెలు వరసగా పెట్టి అన్నింట్లో మరిగే నీళ్లు పోశాడు. అంచు విచ్చుకున్న చోటికి కిందే నీళ్లు ఆపాలని, మూత బుడిపెని నొక్కకూడదని చెప్పాడు. అంతకుమించి మెళకువలేవీ చెప్పలేదు. "ఏది కాలుతుందో నాకు తెలీదు. నువ్వే చెప్పాలి" అన్నాడు.

మొదటిది దించేసింది. రెండోది దించేసింది. మూడోది ఐదు వరకు పట్టింది. నాలుగోది పట్టుకుని పళ్లెంలోకి వంచింది, ధార మధ్యలో ఒకసారి తెగింది. ఐదోది పది దాకా పట్టుకుంది. పోసింది. మళ్లీ నీళ్లు పోయించుకుని ఇంకోసారి పోసింది.

"ఇది కాలట్లేదు మాస్టారూ."

"అయితే అదే నీది."

డబ్బు తీసుకోలేదు. గిన్నెని కాగితంలో చుట్టి ఇస్తూ, ఆదివారం వేడి తగ్గిన ఫ్లాస్కు నీళ్లు వాడొద్దని, అప్పుడే మరిగినవి పొయ్యమని అన్నాడు.

ఆమె వెళ్లాక కింది అర ముందు పీట వేసుకుని కూర్చున్నాడు. ఆ పెట్టెలోవి పదిహేడు మిగిలాయి. తడిగుడ్డతో ఒక్కొక్కదాని అడుగున గీత తుడిచి పెట్టెలో పెట్టాడు. పూలకుండీలుగా పనికొస్తాయని పెట్టె మీద రాశాడు. తర్వాత యాన్‌రుని అడిగి, ఆమె పట్టి చూసిన గిన్నె ఒకటి తీసుకుని సందు దాటాడు. అమ్ముడుపోయిన వాటిలో ఒకటి జెంగ్ తన మనవరాలి కోసం కొన్నాడు.

"ఇది తీసుకో. నీ మనవరాలికిచ్చింది మంచిది కాదు. వేళ్లు కాలతాయి."

"గిన్నెకేం? భేషుగ్గా ఉంది" అన్నాడు జెంగ్. "దాని చెయ్యే సరిగ్గా లేదు. పదకొండేళ్లొచ్చాయి, ఏడుపొకటి."

"నా వేళ్లకి వేడి తెలియట్లేదయ్యా. చూడకుండానే ఇచ్చాను."

జెంగ్ అల్లం డబ్బా మూత తీసి మళ్లీ పెట్టాడు. "కున్ తాత పట్టిన గిన్నె కాలదే అని దానికి రెండు తగిలించాను" అన్నాడు. డబ్బా పక్కకి నెట్టి, "ఊరికే ఉండు. ఈ మాట ఇంకెవరితోనూ అనకు. మీ కొట్టుకీ మంచిది కాదు, నీకూ మంచిది కాదు" అన్నాడు. గిన్నె తీసుకోలేదు. కున్ దాన్ని రేగుపళ్ల జాడీ పక్కన పెట్టి వచ్చేశాడు.

మధ్యాహ్నం ఇంకో నాలుగిళ్లకి వెళ్లాడు. నాలుగు చోట్లా కూర్చోబెట్టి టీ పోశారు. గిన్నె బ్రహ్మాండంగా ఉందన్నారు. ఒక ఇంట్లో అదే గిన్నెతో పోశారు. పోసిన కోడలు కాలిన వేళ్లని చొక్కా అంచుకి తుడుచుకుంటున్నట్టు పట్టుకుని నవ్వింది. ఎవరూ మార్చుకోలేదు. తీసుకెళ్లిన నాలుగు గిన్నెలూ వెనక్కి తెచ్చి అరలో పెట్టాడు.

"రేపట్నుంచి గిన్నెలు నేను పట్టి చూస్తాను. మీరు పక్కన కూర్చుని చెప్పండి" అంది యాన్‌రు. "ప్యాకింగు ఉంది. కొట్టులో పనికేం తక్కువ?"

"నీ చెయ్యి మంచిదే" అన్నాడు కున్. "మూడుకే దించేశావు. అలాగే దించెయ్యాలి. ఓర్చుకోకు."

ఐదింటికి మూడు కప్పులూ కడిగి బోర్లించాడు. బల్ల తుడిచాడు. స్కూటరు తీసి, "వస్తా" అన్నాడు. రోజూ అనేదే.

మర్నాడు తొమ్మిదింటికి జెంగ్ వచ్చి కూర్చున్నాడు. యాన్‌రు నీళ్లు మరగబెట్టింది, కున్ వస్తాడని పొయ్యలేదు. పదింటికి కున్ భార్య ఫోన్ చేసింది. ఆయన పొద్దున్నే బస్సెక్కి సముద్రం ఒడ్డున రావ్‌పింగ్‌లో తన అక్కగారింటికి వెళ్లాడని, ఆల్చిప్పల మడుల దగ్గర కాపలాకి మనిషి కావాలన్నారని చెప్పింది. ఎప్పుడొస్తాడని యాన్‌రు అడిగింది. బట్టలన్నీ తీసుకెళ్లాడమ్మా అంది ఆవిడ.

మధ్యాహ్నం ఫెంగ్‌షీ నుంచి పెట్టె వచ్చింది. దాని తాళ్లు కొయ్యడానికి కత్తి కోసం యాన్‌రు కున్ బల్ల సొరుగు లాగింది. కత్తి లేదు. సొరుగు మూల కాలిన గాయాలకి రాసే మందు గొట్టం ఒకటి ఉంది. కిందినుంచి మెడ దాకా చుట్టలు చుట్టుకుంటూ పిండేసి ఉంది, మూత మాత్రం బిగించి ఉంది.