సముద్రం దాటిన గుట్టు

మబ్రూకాను గేటు దగ్గరే ఆపేశారు. "నీ కాంట్రాక్టు అయిపోయింది, పో" అన్నాడు కాపలావాడు. ట్యునీషియాలో, మొనాస్తీర్ ఊళ్ళోని ఆ ఫ్యాక్టరీలో పదకొండేళ్ళు జీన్స్ కుట్టిన మనిషి! ఆమెకిప్పుడు మూడో నెల. ఇంతకుముందు రెండుసార్లు కడుపు నిలవలేదు, అందుకని మొగుడికి కూడా చెప్పలేదు. చెప్పింది ఒక్క దలెందాకే.

దలెందా ఆ ఫ్యాక్టరీ నర్సు. కిటికీలోంచి అంతా చూసింది. ఆ వారంలో పని పోయినవాళ్ళలో మబ్రూకా తొమ్మిదోది. ఉబ్బసం రఫీకా, నడుం నొప్పి హెదియా, అందరూ తన గదికొచ్చి గోడు చెప్పుకున్నవాళ్ళే. ఆ గోడంతా కంప్యూటర్లో ఎక్కించింది తనే. అది ఆ గది దాటదనుకుంది, పిచ్చిది!

వెళ్ళి నిలదీస్తే మేనేజరు దాచలేదు. "నువ్వెక్కించిందంతా ఇటలీకి, మిలాన్‌లో హెడ్డాఫీసుకి పోతుంది. ఎవరు సెలవులు ఎక్కువ పెడతారో అక్కడ తేలుస్తారు. నీకెందుకమ్మా, మాత్రలు పంచుకో."

మధ్యాహ్నం గోడ నీడన రొట్టె, హరీసా కారం నంజుకు తింటున్న ఆడవాళ్ళకి దలెందా ఉన్నదున్నట్టు చెప్పేసింది.

"నమ్మి చెప్పుకుంటే మా కొంపలు ముంచావు కదే!" సలూవా ఆమె కాళ్ళ ముందు ఉమ్మింది.

"ముంచాను. కాదనను."

"దాన్ని తిడితే మబ్రూకాకి పనొస్తుందా?" కటింగు టేబులు బేయా కసిరింది. అందరిలోకీ పెద్దది, యూనియను మనిషి. "మన జబ్బుల సంగతి మనల్ని అడక్కుండా దేశం దాటించకూడదని చట్టముంది. నా గురించి ఏం రాశారో చూపించమని అడిగే హక్కూ ఉంది."

"చట్టమట! అడిగావంటే నిన్నూ గెంటేస్తారు," అంది సలూవా.

"నేనొక్కదాన్నే ఎందుకడుగుతానే? నాలుగొందల మందిమి లేమూ?"

సోమవారం పొద్దున మిషన్లు మోగలేదు. తమ గురించి రాసింది చూపించమంటూ నర్సు గది నుంచి గేటుదాకా ఆడవాళ్ళ లైను. "దలెందా, తలుపు వెయ్యి!" మేనేజరు అరిచాడు. దలెందా ఇంట్లో మంచం పట్టిన తండ్రి, తన జీతమే ఆధారం. అయినా తలుపు వెయ్యలేదు. కంప్యూటర్లోంచి తీసి, ఎవరి కాగితం వాళ్ళకి, పక్కవాళ్ళ కంట పడకుండా మడిచి, చేతిలో పెట్టింది.

సగం మందికి ఇచ్చేసరికి పోలీసులొచ్చారు. కంపెనీ రహస్యాలు దొంగిలించిందట! బేడీలేసి వ్యానెక్కించారు.

సలూవా వ్యానుకి అడ్డంగా నిలబడింది. చేతిలో కాగితం మడత విప్పింది. "ఏ రహస్యమయ్యా? నా గర్భసంచి తీసేశారు, ఇదిగో, ఇందులో ఉంది! నా ఒంటి సంగతి కంపెనీదెప్పుడైంది? నా నోటితో నేను చెప్పుకుంటా, నా ఇష్టం!"

ఆడవాళ్ళు గొల్లుమన్నారు. "నాకు మూర్ఛ!" అని ఇంకొకామె కాగితం పైకెత్తింది. "నాకు చక్కెర జబ్బు!" "నా రొమ్ములో గడ్డ!" ఇన్నాళ్ళూ లోపలే దిగమింగుకున్నవన్నీ నలుగురిలో చెప్పేస్తున్నారు, ఏడుస్తూనే చెప్పేస్తున్నారు. వ్యానులో దలెందా ముఖం కప్పుకుంది.

గేటు బయటినించి జనాన్ని తోసుకుంటూ మబ్రూకా వచ్చింది. చేతిలో కాగితం లేదు. పొట్ట మీద చెయ్యి వేసుకుని వ్యాను ముందు చతికిలబడింది.

"నాకు మూడో నెల!" అని ఊరంతా వినేలా అరిచింది. "ఎక్కించండి బండి నా మీద, చూస్తాను!"

డ్రైవరు ఇంజను ఆపేశాడు.